గ్రనాదాలో మొదటి వారాలు: చదువుకు వెళ్లే తెలుగు విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

స్పెయిన్ దక్షిణాన అందలూసియా ప్రాంతంలో ఉన్న గ్రనాదా నగరానికి చదువు కోసం వెళ్లే తెలుగు విద్యార్థులు బయలుదేరే ముందూ, చేరిన కొత్తలోనూ నన్ను అడిగిన ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చి సమాధానాలు రాశాను. నేను అక్కడ ఒక విద్యా సంవత్సరం చదువుకున్నాను. స్పెయిన్‌లోని ఇతర నగరాలకు వెళ్లేవారికి కాగితాల సంగతి, భాష సంగతి చాలావరకు పనికివస్తాయి. తిండి, చలి, యాస గురించి రాసినవి మాత్రం గ్రనాదాకే చెందుతాయి.

స్పానిష్ ఎంత వచ్చి ఉండాలి? ఇంగ్లీషుతో నెట్టుకురాలేమా?

విశ్వవిద్యాలయం అంతర్జాతీయ కార్యాలయంలోనూ, పర్యాటకులు తిరిగే వీధుల్లోనూ ఇంగ్లీషు నడుస్తుంది. ఇంటి యజమానితోనో, పోలీసు కార్యాలయంలోనో, మందుల దుకాణంలోనో అది నడుస్తుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. కనీసం సంఖ్యలు, వేళలు, చిరునామా చెప్పడం, కుళాయి కారుతోందని ఫిర్యాదు చేయడం వంటివి విమానం ఎక్కే ముందే నేర్చుకోవాలి.

అయితే ఎలా నేర్చుకోవాలన్న విషయంలో నాకొక గట్టి అభిప్రాయం ఉంది. మనలో చాలామంది స్పానిష్‌ను ఇంగ్లీషు మీదుగా నేర్చుకుంటారు. అది చుట్టుదారి. తెలుగు నుంచి నేరుగా వెళ్తే చాలా చోట్ల దారి దగ్గర.

ముందు ఉచ్చారణ చూడండి. స్పానిష్‌లో త, ద ధ్వనులు మన త, ద లాగే నాలుక పళ్లకు తగిలి పుడతాయి. బంగాళాదుంపను ‘పటాటా’ అనకుండా ‘పతాత’ అంటే చాలు, ఎదుటివారు రెండోసారి అడగరు. అక్షరాభ్యాసం నాటి నుంచి నేటి వరకు మనం విడిగా ఎక్కడా వాడని ‘ఞ’కు అక్కడ రోజూ పని ఉంటుంది: ఎస్పాఞా, నీఞో, మఞానా. సంవత్సరాన్ని ‘ఆఞో’ అంటారు. వయసు చెప్పేటప్పుడు ఈ ఞ బదులు న పలికితే నలుగురిలో అనకూడని మాట అవుతుంది కాబట్టి ఆ ఒక్క అక్షరాన్ని ముందుగా సాధన చేయండి. పాత పుస్తకాల్లో కనిపించే బండి ఱ కూడా అక్కడ బతికే ఉంది. ‘పేరో’ అంటే కానీ, ‘పేఱ్ఱో’ అంటే కుక్క. మనం రాతలో కూడా వదిలేసిన తేడాను వారు మాటలో నిలబెట్టుకున్నారు.

వ్యాకరణంలో ఇంకా పెద్ద లాభం ఉంది. ‘మె గుస్తా ఎల్ కఫే’ అన్న వాక్యాన్ని ఇంగ్లీషు ద్వారా నేర్చుకునేవారు తలకిందులుగా ఉందని గింజుకుంటారు. తెలుగులో అది ‘నాకు కాఫీ నచ్చుతుంది’, అంతే. ‘నాకు పుస్తకాలు నచ్చుతాయి’ అన్నప్పుడు క్రియ పుస్తకాలను బట్టి మారినట్టే అక్కడ ‘గుస్తా’ కాస్తా ‘గుస్తాన్’ అవుతుంది. ‘వస్తాను’ అంటే వచ్చేది నేనేనని ఎలా తెలుస్తుందో, వారి క్రియలోనూ కర్త అలాగే ఇమిడి ఉంటుంది కాబట్టి ప్రతి వాక్యానికీ ముందు ‘నేను’ తగిలించే అలవాటు మానుకోండి.

తెలుగు సాయపడని చోట్లూ ఉన్నాయి. బల్ల స్త్రీలింగం, పుస్తకం పుంలింగం అన్నది మనకు మింగుడుపడదు, బట్టీ పట్టాల్సిందే. ‘ఉండు’ అన్న అర్థానికి సెర్, ఎస్తార్ అని రెండు క్రియలు ఉండడం మొదటి ఏడాదంతా తప్పులు చేయిస్తుంది. ఇంకొకటి, మనం అలవాటుగా సాగదీసే దీర్ఘాలకు అక్కడ అర్థభేదం లేదు గానీ ఊనిక ఎక్కడ పడిందన్న దానికి ఉంది: మొదటి అక్షరాన్ని ఊది ‘పాప’ అంటే బంగాళాదుంప, రెండోదాన్ని ఊది ‘పపా’ అంటే నాన్న.

కోర్సులో బాగానే అర్థమైంది. వీధిలోకి వస్తే ఒక్క ముక్కా అర్థం కావడం లేదు. లోపం నాదేనా?

కాదు. మీరు నేర్చుకున్నది కస్తీయా ప్రాంతపు పుస్తక భాష, వింటున్నది అందలూసియా యాస. పాఠ్యపుస్తకంతో తెలుగు నేర్చుకుని శ్రీకాకుళమో కరీంనగరో వెళ్లినవాడి గతి ఏమవుతుందో ఊహించుకోండి.

గ్రనాదాలో పదం చివరి ‘స’ సాధారణంగా వినబడదు. స్పానిష్‌లో బహువచనానికి ఆ ‘స’యే గుర్తు కావడంతో మొదట్లో ఒకటా, పదా అన్నది తెలియదు. కొన్ని వారాల తర్వాత మాత్రం ఒక సంగతి చెవికి అందుతుంది: ‘స’ పోయిన చోట చివరి అచ్చును నోరు మరికాస్త తెరిచి పలుకుతారు, ఆ తెరుపే వారికి బహువచనం. అచ్చుల మధ్య ‘ద’ కూడా కరిగిపోతుంది. గ్రనాదావాసి అన్న అర్థంలో పుస్తకం ‘గ్రనదీనో’ అంటే ఊరు ‘గ్రనాయీనో’ అంటుంది. చిన్నదని, ముద్దుగా చెప్పడానికి ‘-ఇకో’ చేరుస్తారు కాబట్టి ‘మొమెంతికో’ అంటే ఒక్క క్షణం ఆగమని.

మా సందు చివర కూరగాయల కొట్టు నడిపే పెద్దావిడ నేను బయటికి వస్తుంటే ప్రతిసారీ ‘తాలుఏఒ’ అనేవారు. అది ఏదో తిట్టు అనుకుని వారం రోజులు తలవంచుకుని వచ్చేశాను. ‘ఆస్తా లుఏగొ’, అంటే ‘మళ్లీ కలుద్దాం’ అన్న మాటను నమిలి మింగితే అలా అవుతుందని తరువాత తెలిసింది.

గ్రనాదావారికి ‘మలఫొయా’ అని ఒక పేరున్న స్వభావం ఉంది. ముఖం గంటు పెట్టుకుని, పొడిపొడిగా, కాస్త ఎత్తిపొడుపుగా మాట్లాడడం. దాన్ని విదేశీయుల మీద చిరాకుగా తీసుకోకండి. వాళ్లలో వాళ్లూ అలాగే మాట్లాడుకుంటారు, పైగా దాని గురించి గర్వంగా చెప్పుకుంటారు.

‘నువ్వు’, ‘మీరు’ తేడా అక్కడ ఉందా? ప్రొఫెసర్లను ఏమని పిలవాలి?

తేడా ఉంది: ‘తూ’, ‘ఉస్తేద్’. ఇంగ్లీషువాళ్లకు కొత్తగా నేర్పవలసిన ఈ సంగతి మనకు పుట్టుకతో తెలుసు, కానీ గీత గీసే చోటు వేరు. మనం ‘మీరు’ అనే చాలామందిని స్పెయిన్‌లో ‘తూ’ అంటారు. ప్రొఫెసరును ‘సర్’ అనరు, పేరు పెట్టి పిలుస్తారు, చాలామంది ప్రొఫెసర్లు ‘తూ’ అనమని వాళ్లే చెబుతారు. మొదట నోరు రాదు. నేను రెండు వారాలు ఎవరినీ ఏమీ పిలవకుండా, దగ్గరికి వెళ్లి నిలబడి, వారు తల ఎత్తి చూసేదాకా ఆగేవాణ్ని. అంత అవస్థ అక్కర్లేదు. ఉస్తేద్‌తో మొదలుపెట్టి, వారు తూ అనమన్నప్పుడు మారిపోండి. బాగా వయసు పైబడిన వారితో, కార్యాలయాల్లో, పోలీసులతో ఉస్తేద్ వదలకండి.

అద్దెకు గది ఇచ్చిన ఇంటి పెద్దావిడను ఆంటీ అనో పిన్నిగారు అనో పిలవాలనిపిస్తుంది. అక్కడ ఆ వరసలు రక్తసంబంధానికే; బయటివారికి పేరే మర్యాద.

దిగిన మొదటి నెలలో పూర్తి చేయాల్సిన కాగితాలేమిటి?

ఆరు నెలలకు మించిన చదువు వీసాతో వెళ్లినవారు స్పెయిన్‌లో అడుగుపెట్టిన నెల రోజుల్లోపు ‘తియే’ అనే విదేశీయుల గుర్తింపు కార్డుకు దరఖాస్తు చేయాలి. ఆరు నెలలకు లోపైతే ఆ కార్డు అవసరం లేదు, వీసాయే సరిపోతుంది. కార్డుకు వేలిముద్రలు ఇవ్వడానికి ‘థీతా ప్రేవియా’, అంటే ముందస్తు అపాయింట్‌మెంట్ ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. ఆ అపాయింట్‌మెంట్ దొరకడమే అసలు కష్టం. దిగిన మర్నాటి నుంచే ప్రయత్నం మొదలుపెట్టండి. ఖాళీ లేదని వస్తే వేర్వేరు వేళల్లో మళ్లీ చూడండి. చూసినట్టు తెర బొమ్మలు తీసి దాచుకోండి. ఫారం సంఖ్య 17, రుసుము చెల్లించే 790 నమూనాలోని 012వ కోడ్ పత్రం, పాస్‌పోర్టు, వీసా పేజీల నకళ్లు, పాస్‌పోర్టు సైజు ఫొటో పట్టుకెళ్లాలి. రుసుమును ముందే బ్యాంకులో కట్టి రసీదు తీసుకువెళ్లాలి.

దీనికంటే ముందు ‘ఎంపద్రొనామియెంతో’ చేయించుకోవడం మంచిది. మీరు ఏ ఇంట్లో ఉంటున్నారో నగరపాలక సంస్థ రిజిస్టరులో నమోదు చేసుకోవడమే అది. అద్దె ఒప్పందం మీ పేరున ఉండాలి, లేదా ఇంటివారి అంగీకార పత్రం కావాలి. ఇది ఇవ్వనన్న యజమాని దగ్గర గది తీసుకోకపోవడమే మేలు.

ఫారాల్లో ఇంటిపేర్లు రెండు అడుగుతున్నారు. మాకు ఉన్నది ఒకటే, అదీ ముందు వస్తుంది. ఏం రాయాలి?

స్పెయిన్‌లో ప్రతి మనిషికీ రెండు ఇంటిపేర్లు, సాధారణంగా తండ్రిది ముందు, తల్లిది తరువాత. ఆడవాళ్లు పెళ్లయినా ఇంటిపేరు మార్చుకోరు. కాబట్టి ఫారంలో మొదటి ఇంటిపేరు, రెండో ఇంటిపేరు, పేరు అని మూడు గళ్లు ఉంటాయి. పాస్‌పోర్టులో సర్‌నేమ్ అన్న చోట ఏముందో దాన్ని మొదటి గడిలో రాసి, రెండోది ఖాళీగా వదిలేయండి. మనకు తెలిసిన వరస ఏదైనా, పాస్‌పోర్టులో అచ్చయిన వరసే చెల్లుతుంది.

వేలిముద్రల రోజున నిరీక్షణ గదిలో కూర్చున్నాను. ఒకాయన తలుపు తీసి ‘కుమార్’ అని పిలిచారు. అది నా పేరులో చివరి తోక. పుట్టినప్పటి నుంచి నన్ను ఆ పేరుతో పిలిచినవారు లేరు. ఎవరీ కుమార్ అని నేను కూడా అందరితో పాటు చుట్టూ చూశాను. మూడోసారి పిలిచి తలుపు వేయబోతుంటే వెలిగింది. పాస్‌పోర్టులో మీ సర్‌నేమ్‌గా అచ్చయిన మాట ఏదో దాన్ని స్పానిష్ నోటితో పలికించి ముందే విని ఉండండి. ‘జ’తో మొదలైతే వారు ‘హ’ అని పిలిచే అవకాశం ఎక్కువ.

గది తీసుకునేటప్పుడు ఏం చూడాలి?

అన్నిటికంటే ముందు చలి. అందలూసియా అనగానే ఎండ అనుకుని వస్తారు. గ్రనాదా సముద్ర మట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున, సియెర్రా నెవాదా మంచు కొండల పాదాల దగ్గర ఉంది. డిసెంబరు, జనవరి రాత్రులు సున్నాకు దిగుతాయి. ఇళ్లేమో వేసవి వేడిని ఆపడానికి కట్టినవి: చలువరాతి నేల, మందపు గోడలు. సెప్టెంబరులో గది చూసినప్పుడు చల్లగా హాయిగా ఉందని మురిసిపోతే నవంబరులో లోపల ఉండలేక వెచ్చదనానికి బయటికి వెళ్లాల్సి వస్తుంది. ‘కలెఫక్థియోన్’, అంటే ఇంటిని వేడిచేసే ఏర్పాటు ఉందా, ఉంటే భవనం మొత్తానికి కలిపి ఉందా, దాని ఖర్చు అద్దెలోనే ఉందా అని మొదటి ప్రశ్నగా అడగండి.

పాత ఇళ్లలో నేల దాకా వేలాడే మందపాటి గుడ్డ కప్పిన గుండ్రటి బల్ల ఉంటుంది. బల్ల కింద విద్యుత్ కుంపటి. అందరూ చుట్టూ కూర్చుని ఆ గుడ్డను ఒళ్లోకి లాక్కుంటారు. నడుము పైన చలి, కింద వెచ్చదనం. మా ఇంట్లో చదువు, భోజనం, తగాదాలు అన్నీ శీతకాలమంతా ఆ బల్ల దగ్గరే జరిగాయి.

కొన్ని ఇళ్లలో వేడినీళ్లకు గ్యాస్ బండే ఆధారం. మనది ఎర్రది, 14.2 కిలోలు, వారిది నారింజ రంగుది, 12.5 కిలోలు. స్నానం మధ్యలో అయిపోతే బండ మార్చే వంతు ఎవరిదన్నది గదిలో చేరిన రోజే తేల్చుకోండి. చూడని గదికి ముందుగా డబ్బు పంపవద్దు. మొదటి వారం హాస్టల్లో ఉండి, కాళ్లరిగేలా తిరిగి చూసుకోవడం మంచిది. సాహిత్య విభాగాలు కార్తూహా గుట్ట మీద, విజ్ఞానశాస్త్ర విభాగాలు కింద ఫుఎంతెనుఎవాలో ఉన్నాయి. ఏ గుట్ట ఎక్కాలో తెలుసుకుని వీధి ఎంచుకోండి.

రాత్రి తొమ్మిదింటి వరకు భోజనం పెట్టరట. నిజమేనా?

నిజమే. మధ్యాహ్న భోజనం రెండు నుంచి మూడున్నర మధ్య, రాత్రి భోజనం తొమ్మిది తరువాత. దీనికి ఒక కారణం గడియారంలోనే ఉంది. గ్రనాదా గ్రీనిచ్ రేఖకు పడమరన ఉన్నా, 1940 నుంచి స్పెయిన్ మధ్య ఐరోపా సమయాన్ని పాటిస్తోంది. అంటే సూర్యుడి లెక్కలో వారి మధ్యాహ్నం గడియారంలో పన్నెండుకు రాదు, వేసవిలో రెండు దాటాక వస్తుంది. సూర్యుణ్ని బట్టి చూస్తే వారు తినే వేళ అంత వింతేమీ కాదు.

పొద్దున టమాటా గుజ్జు, ఆలివ్ నూనె వేసిన కాల్చిన రొట్టె. పదకొండుకు మళ్లీ ఏదో ఒకటి. సాయంత్రం ఆరుకు చిరుతిండి. మధ్యమధ్యలో తినే వీటిని వదిలేస్తే రాత్రికి నీరసం వస్తుంది. చిన్న కొట్లు రెండు నుంచి ఐదు దాకా మూసి ఉంటాయి. ఆదివారం దాదాపు అన్నీ మూతే. నేను దిగింది శనివారం రాత్రి. మర్నాడంతా సూట్‌కేసులో అమ్మ కుక్కిన జంతికలతో గడిచింది.

శాకాహారులు బతకగలరా?

బతకగలరు, కానీ ‘శాకాహారిని’ అని ఒక్క మాట చెప్పి ఊరుకుంటే చాలదు. చాలామంది దృష్టిలో ‘కార్నె’ అంటే ముక్కలుగా కోసి వండిన మాంసం. ఎండబెట్టిన పంది తొడ ‘హమోన్’, డబ్బా చేప ‘అతూన్’ ఆ లెక్కలోకి రావు. మాంసం లేని సలాడ్ అడిగితే దాని మీద ట్యూనా చేప పరిచి తెచ్చారు. చేప వద్దంటే వడ్డించే ఆయన నా కళ్ల ముందే ఫోర్కుతో దాన్ని పక్కకు తోసి, ‘ఇక సరే కదా’ అన్నట్టు చూశారు. కాబట్టి మాంసం, హమోన్, చేప మూడూ వద్దని విడివిడిగా చెప్పండి. గొడ్డుమాంసం తిననివారు ‘తెర్నేరా’ అన్న మాటను, పంది తిననివారు ‘థేర్దో’ అన్న మాటను గుర్తుపెట్టుకోవాలి. క్రిస్మస్ నాటి మిఠాయిలు చాలావాటిలో పంది కొవ్వు ఉంటుంది.

తినగలిగేవి: చల్లటి టమాటా చారులాంటి ‘గథ్పాచో’, ఉల్లి, మిరప, బంగాళాదుంపలు నూనెలో మగ్గించిన ‘పాపస్ ఆ లొ పోవ్రె’, పాలకూర శనగలు, అన్నిటికీ మించి చెరకు పానకం పోసిన వేయించిన వంకాయలు. ‘తోర్తీయా’ అంటే అక్కడ రొట్టె కాదు, బంగాళాదుంప వేసిన మందపాటి ఆమ్లెట్టు. ‘సల్మొరేహో’ చూడడానికి గథ్పాచోలాగే ఉన్నా పైన గుడ్డు, హమోన్ చల్లుతారు.

గ్రనాదా బార్లలో సాధారణంగా పానీయం తీసుకుంటే దానితో ‘తాపా’ అనే చిరుతిండి ఉచితంగా వస్తుంది. మద్యమే కానక్కర్లేదు, శీతల పానీయానికీ వస్తుంది. చాలా చోట్ల ఏది ఇవ్వాలో వారే నిర్ణయిస్తారు కనుక పానీయం చెప్పేటప్పుడే మీ నియమం చెప్పేయాలి.

ఇక్కడి నుంచి ఏం పట్టుకెళ్లాలి?

కారం, కరివేపాకు పొడి, ఇంగువ, పచ్చళ్లు. బాస్మతి బియ్యం, పప్పులు సూపర్‌మార్కెట్లలోనే దొరుకుతాయి. కొత్తిమీర, చింతపండు కోసం మొరాకో, లాటిన్ అమెరికా వారి కొట్లు వెతకండి. ఎర్రగా కనిపించే ‘పిమెంతోన్’ను కారం అనుకుని కొంటే మోసపోతారు, తియ్యరకం రంగుకే తప్ప నాలుకకు తగలదు. గ్రనాదా పక్కనే ఉన్న సాంతా ఫేలో 1492 ఏప్రిల్ 17న కొలంబస్ ప్రయాణానికి ఒప్పందం కుదిరింది. ఆ ప్రయాణాలతోనే మిరపకాయ అమెరికా నుంచి ఐరోపాకు వచ్చి, చివరికి గుంటూరు దాకా చేరింది. దాన్ని తెచ్చిన ఊరివాళ్లకు మాత్రం నా టమాటా పప్పు రెండో ముద్దకే కళ్లలో నీళ్లు తెప్పించింది.

డబ్బు విషయంలో జాగ్రత్తలు?

అంకెల్లో కామా, చుక్క తారుమారు. 3,50 అంటే మూడున్నర యూరోలు, 1.500 అంటే పదిహేను వందలు. నాతో చదివేవాళ్లంతా ఖర్చులు పంచుకోవడానికి ‘బీథుమ్’ వాడేవారు. అది మన యూపీఐ లాంటిది. స్పెయిన్ బ్యాంకు ఖాతా, ఫోను నంబరు ఉంటేనే పనిచేస్తుంది. ఉన్నత విద్య వీసా మీద వారానికి 30 గంటల వరకు చదువుకు అడ్డురాని ఉద్యోగం చేయవచ్చు. భాష రాని మొదటి నెలల్లో అలాంటి పని దొరుకుతుందన్న లెక్కతో మాత్రం బయలుదేరకండి.

మార్కులు ఎలా వేస్తారు?

పదికి వేస్తారు. ఐదు వస్తే ఉత్తీర్ణత, ఏడు నుంచి ‘నొతావ్లె’, తొమ్మిది నుంచి ‘సొవ్రెసలియెంతె’. మనకు తొంభైలు అలవాటు కాబట్టి ఏడు చూసి కుంగిపోతాం. అక్కడ అది మంచి మార్కు. 1531లో నెలకొన్న ఆ విశ్వవిద్యాలయంలో సంవత్సరం సెప్టెంబరులో మొదలవుతుంది. ఆ నెల 15న నగర రక్షకురాలిగా కొలిచే మేరీమాత రూపమైన అంగూస్తియాస్ మాత చర్చి ముందు జనం వరసలో నిలబడి పూలు సమర్పిస్తారు. సాయంత్రానికి ముఖద్వారం గోడంతా పూలతో నిండిపోతుంది. బతుకమ్మ పేర్చిన చేతులకు అది చూస్తే ఊరుకోబుద్ధి కాదు.

బుగ్గల మీద ముద్దు పెట్టి పలకరిస్తారట. ఇష్టం లేకపోతే?

పరిచయం చేసినప్పుడు ఆడవాళ్లతో రెండు బుగ్గలూ తాకించడం మామూలు. మగవాళ్ల మధ్య కరచాలనం. ఇష్టం లేకపోతే చెయ్యి ముందుగా చాచండి, ఎవరూ నొచ్చుకోరు. లిఫ్టులోకి, ఆసుపత్రి నిరీక్షణ గదిలోకి వెళ్తూ అక్కడున్న అపరిచితులకు ‘బుఎనోస్ దీఆస్’ చెప్పకపోతే మాత్రం మర్యాద తెలియనివారిగా చూస్తారు.

అల్హంబ్రా ఎప్పుడు చూడాలి?

నస్రీద్ వంశపు ముస్లిం రాజుల పాత కోట అది. మొదటి వారంలోనే టికెట్టు కొనండి, నెల తరువాత తేదీకైనా సరే. కోట లోపలి నస్రీద్ రాజమందిరాలకు టికెట్టు మీద రాసిన వేళకే వెళ్లాలి, ఆలస్యమైతే లోపలికి రానివ్వరు.

ఇంటి మీద బెంగ పెట్టుకున్నాను. రోజూ ఫోను చేయడం మంచిదేనా?

చేయండి, కానీ వేళ కుదుర్చుకోండి. రాత్రి భోజనమయ్యాక తీరిగ్గా మాట్లాడదామంటే ఇంట్లో తెల్లవారుజామున ఒంటిగంటన్నర. మధ్యాహ్నం రెండున్నరకు, క్లాసు అయ్యాక, చేస్తే ఇంటి దగ్గర సాయంత్రం ఆరు. అదే అందరికీ వీలైన వేళ. వేసవి సమయంలో తేడా మూడున్నర గంటలు. అక్టోబరు చివరి ఆదివారం స్పెయిన్ గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు, అప్పటి నుంచి మార్చి చివరి ఆదివారం దాకా నాలుగున్నర. ఈ సంగతి ఇంట్లో ముందే చెప్పి పెట్టండి. నేను చెప్పలేదు. ఆ సోమవారం అమ్మ మామూలుగానే ఆరింటికి ఫోను చేసింది; నాకది ఒంటిగంటన్నర, క్లాసు నడుస్తోంది. బయటికి వచ్చి చూసేసరికి పదకొండు మిస్‌డ్ కాల్స్, నేను క్షేమమేనా అని మా మేనమామ నుంచి ఒకటి, ఎదురింటి వారి నుంచి ఇంకొకటి.